కోసిన తుపాకీని మళ్ళీ అతికించొద్దు

నిద్ర పట్టని రాత్రుల్లో రెస్టొరేషన్ వీడియోలు చూడటం నాకో పిచ్చి. తుప్పు పట్టిన కుట్టుమిషను, పగిలిన గోడగడియారం, మూలన పడ్డ స్కూటరు. మనిషి మొహం కనబడదు, మాట వినబడదు. రెండు చేతులు మాత్రం పని చేసుకుపోతుంటాయి. మొన్న అలాగే ఒక .303 రైఫిలు (లీ ఎన్‌ఫీల్డ్) వచ్చింది. మన దేశపు సరుకే, బెంగాల్లోని ఇషాపూర్ తుపాకీ ఫ్యాక్టరీది. బట్టు, అంటే భుజానికి ఆనించే చెక్క, మొదట్లో ఉండే ఇనుప పట్టీ మీద కిరీటం, దాని కింద ఇషాపూర్, 1943 అని స్పష్టంగా ఉంది. ఆ చేతులు చెక్కంతా విప్పి సాండ్‌పేపరు పట్టాయి. ఫ్యాక్టరీ తనిఖీ ముద్రలు, ఎనభై ఏళ్ళ చెమట నలుపు, ఎవడో సిపాయి కత్తిమొనతో చెక్కుకున్న రెండక్షరాలు, అన్నీ పొట్టులా రాలిపోయాయి. ముందు చెక్కకి అడ్డంగా ఒక స్క్రూ ఉంటే దాన్ని పీకేసి, బెజ్జాన్ని రంపప్పొట్టూ గమ్మూ కలిపి పూడ్చేశాయి. ఇనుముకి కొత్తగా నలుపెక్కించాయి. చివర్లో రైఫిల్ని తిప్పి తిప్పి చూపిస్తూ 'ఒరిజినల్ కండిషన్' అని అక్షరాలు పడ్డాయి.

ఆ స్క్రూ దగ్గరే నాకు ఒళ్ళు మండింది. అది తర్వాతెవరో దిగ్గొట్టిన స్క్రూ కాదు. ముందు చెక్క పగలకుండా ఇషాపూర్ వాళ్ళే వేసిన స్క్రూ. మన సైన్యం దగ్గర పనిచేసిన .303ని ఇంగ్లండు తుపాకీ నుంచి విడిగా పట్టిచ్చే గుర్తుల్లో అదొకటి. దాన్ని పూడ్చేసి అసలు రూపం తెచ్చానంటే, ఎవరి అసలు రూపం?

పాత మిలిటరీ తుపాకుల మీద అమెరికాలో తరాలుగా ఒక గొడవ నడుస్తోంది. ఒక వర్గం: నా డబ్బు పెట్టి కొన్నాను, గొట్టం కోస్తాను, చెక్క మారుస్తాను, స్కోపు (గురి చూసే దుర్భిణి) పెడతాను, నీకెందుకు? రెండో వర్గం: సైన్యం ఎలా వదిలేసిందో అలాగే ఉండాలి, స్క్రూ కూడా ముట్టుకోవద్దు. ఆ రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను రెండో వర్గమే. కానీ నాకు అసలు పేచీ మూడో మనిషితో. ఎప్పుడో కోసేసిన తుపాకీకి ఇంకో తుపాకీ చెక్కా, మరో తుపాకీ పట్టీలూ తెచ్చి తగిలించి, ఇదిగో పూర్వరూపం అంటాడే, ఆయనతో. కోసినవాడు వస్తువునే పాడుచేశాడు. ఈయన దాని సాక్ష్యాన్ని కూడా చెరిపేస్తున్నాడు.

ఇంత పట్టుదల నాకెందుకంటే ఇంట్లోనే ఆ తగాదా వచ్చిపడింది కాబట్టి.

మామ ఇంటి మౌజర్

మా పెద్దమామ వాళ్ళది పలమనేరు వైపు పల్లె. 2022లో జిల్లా చీలాక మేం తిరుపతి జిల్లా, వాళ్ళు చిత్తూరు జిల్లా అయ్యాం గానీ పెళ్ళిళ్ళకీ చావులకీ తేడా ఏం రాలేదు. వాళ్ళింట్లో లైసెన్సున్న రైఫిలు ఒకటుంది. తాత కొన్నది. 8 ఎం.ఎం. మౌజర్, జర్మనీ రైఫిలు. చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, అంటే 1953కి ముందు, మౌంట్ రోడ్డులో కొన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. తాతకి వేట పిచ్చి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ఆగిపోయింది, తుపాకీ మాత్రం అడవిపందుల పేరు మీద లైసెన్సు రెన్యూవల్ చేయించుకుంటూ ఉండిపోయింది. అది పేలగా నేను వినలేదు. నూనె వాసన మాత్రం చిన్నప్పట్నించీ తెలుసు.

పోయినసారి వెళ్ళినప్పుడు మామ దాన్ని పంచలో పాత దుప్పటి పరిచి శుభ్రం చేస్తున్నాడు. "చేతులు తుడుచుకోని పట్టుకో నాయనా, చెమట తగిలితే తుప్పు పడతాది" అన్నాడు. నేను బోల్టు (తూటాని గొట్టంలోకి తోసే ఇనుప కడ్డీ) తీసి వెలుతురులోకి వంచి చూశాను. గొట్టం మొదట్లో ఇనుప వలయం మీద కిరీటం. దాని కింద స్పాండౌ. దాని కింద 1917. బెర్లిన్ పక్కన జర్మనీ ప్రభుత్వ ఆయుధాగారం ఉన్న ఊరు స్పాండౌ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏ జర్మన్ సిపాయో కందకంలో మోసిన రైఫిలు. బోల్టు మీది అంకెలూ బాడీ మీది అంకెలూ సరిపోయాయి, అంటే నూరేళ్ళు దాటినా ఆ రెండూ విడిపోలేదు.

మిగతాది మాత్రం సిపాయి చేతిలో ఉన్నట్టు లేదు. ఆ రకం రైఫిళ్ళ గొట్టం మూడు పావుల మీటరుకి దగ్గరగా ఉంటుంది. దీని గొట్టం బాగా కురచ చేశారు. గొట్టం పొడవునా ఉండాల్సిన చెక్కని సగానికి కోసి, కొసన నల్లటి కొమ్ము ముక్క అతికించి నున్నగా అరగదీశారు. అడ్డంగా పొడుచుకొచ్చే బోల్టు పిడిని కాల్చి కిందికి వంచారు. గురి చూసే యుద్ధపు సైటు తీసేసి చిన్న రేకు సైటు పెట్టారు. అడవిలో భుజానికి తగిలించుకుని తిరిగేవాడికి వీలుగా చేసిన పని. చేసినవాడికి చెయ్యి తిరిగిందని చూడగానే తెలుస్తుంది.

ఎవరు చేశారు? మద్రాసులో తుపాకులు బాగుచేసే ఒకాయన చేత తాతే చేయించాడని మామ అంటాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. 1919 వెర్సాయ్ ఒప్పందంతో జర్మనీ సైన్యాన్ని లక్ష మందికి కుదించారు. మిగిలిపోయిన రైఫిళ్ళని జర్మనీలో సూల్ లాంటి ఊళ్ళలోని తుపాకీ పనివాళ్ళు వేట తుపాకులుగా మార్చి అమ్ముకున్నారు. చెక్క కొసకి ఎనుము కొమ్ము అతికించడం వాళ్ళ అలవాటు. అయితే ఎనుము కొమ్ము మద్రాసులో మాత్రం దొరకదా? సూల్‌లో కోస్తే ఒక కథ, మద్రాసులో కోస్తే ఇంకో కథ. తేల్చగలిగిన సాక్షి ఆ చెక్క ఒక్కటే. లోపలి వైపు పనివాడి ముద్రో, పెన్సిలు గీతో ఏదైనా ఉండొచ్చు. చెక్క విప్పి చూద్దామంటే మామ ఒప్పుకోలేదు, "ఇప్పుడా స్క్రూలు కదిలిస్తే మళ్ళా ఎవుడు బిగిస్తాడబ్బా" అని.

ఇప్పుడు తగాదా సంగతి. మామకి 70 దాటాయి కాబట్టి 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం కొడుకు పేరిట లైసెన్సు మార్పించుకునే వీలుంది. మార్పించేటప్పుడే దాని సంగతి చూద్దామని ఇద్దరు కొడుకులూ లేచారు. పెద్దాయన, మా బావ, చరిత్ర పిచ్చోడు. 1917లో ఎలా ఉండేదో అలాగే చేయిస్తానంటాడు: పొడుగు చెక్క, పట్టీలు, కత్తి తగిలించే కొస, యుద్ధపు సైటు, అన్నీ. చిన్నోడు బెంగళూరులో ఉద్యోగం. వాడికి నల్ల ఫైబర్ బట్టు, స్కోపు కావాలి. ఎర్రచందనంతో బట్టు చేయిస్తే ఎలా ఉంటుందో అని కూడా ఒకసారి నోరు జారాడు. "తుపాకీ కేసుకు తోడు దుంగల కేసు కూడా పెట్టించుకో, శేషాచలం అడివంతా నీ పేరు చెప్పుకుంటారు" అన్నాడు మామ.

అందరూ నన్ను బావ పక్షమే అనుకున్నారు. నేను ఆయనకే ఎక్కువ అడ్డం పడ్డాను.

ఏ సంవత్సరం అసలు?

బావ వాదన వినడానికి బాగుంటుంది. ఎవరో చెడగొట్టారు, మనం బాగుచేద్దాం. కానీ సైన్యపు రైఫిలు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నట్టే జీవితమంతా ఉండదు. బ్రిటిష్ సైన్యం .303లని పదే పదే వెనక్కి రప్పించి పూర్తిగా విప్పి గొట్టాలు, చెక్కలు మార్చి, ఎఫ్.టి.ఆర్. (ఫ్యాక్టరీలో పూర్తి మరమ్మతు) అని ముద్ర కొట్టి మళ్ళీ పంపేది. రెండో యుద్ధం అయ్యాక సోవియట్ ఆయుధాగారాలు మోసిన్ నాగాంట్ రైఫిళ్ళని కుప్పపోసి విప్పేశాయి. చేతికందిన భాగాలతో బిగించి, పాత నంబర్లు కొట్టేసి కొత్తవి వేసి, చెక్కకి ఎర్రటి లక్క పూత పూశాయి. జర్మన్ల దగ్గర పట్టుకున్న మౌజర్లనీ అదే కుప్పలో కలిపేశాయి. ఇవాళ కలెక్టర్లు ఆ లక్క పూతనే ముచ్చటపడి దాచుకుంటున్నారు. గీకి కింద ఉన్న చెక్క చూపించినవాణ్ణి తిడతారు.

మన ఇషాపూర్ సంగతీ అంతే. 1962 యుద్ధం తర్వాత నాటో కొలత 7.62 తూటాకి సరిపోయేలా అదే పాత లీ ఎన్‌ఫీల్డ్ నమూనాని మార్చి 2ఏ, 2ఏ1 అని చేశారు. మేగజీను (తూటాల పెట్టె) నలుపలకలుగా మారింది, లోపలి ఉక్కు మారింది, బయటి రూపం మాత్రం 1907 నాటిది. దాన్ని చూసి ఇదేం కల్తీ అనే హక్కు ఎవరికుంది? ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే కవాతుతో గానీ .303కి వీడ్కోలు చెప్పలేదు. అందులో ఒక తుపాకీని 1943 రూపానికి తీసుకెళ్ళాలంటే, 1943 నుంచి 2020 దాకా అది చేసిన నౌకరీ మొత్తం అబద్ధమనాలి.

కాలేజీలో ఎన్.సి.సి. చేసినవాళ్ళకి డి.పి. (డ్రిల్ పర్పస్) అని ముద్ర కొట్టిన రైఫిళ్ళు గుర్తుండే ఉంటాయి. కవాతుకి తప్ప కాల్చడానికి పనికిరాకుండా గొట్టానికి బెజ్జం వేసి ఇచ్చేవాళ్ళు. నాలుగు కిలోల బరువు మాత్రం తగ్గేది కాదు, భుజం కమిలిపోయేది. ఆ బెజ్జం కూడా దాని సర్వీసు రికార్డులో ఒక ఎంట్రీయే.

'సైన్యం చేసిన మార్పు వేరు, ప్రైవేటువాడు చేసిన మార్పు వేరు కదా' అన్నాడు బావ. దీనికి జవాబు నాకు అమెరికాలో ఉన్న ఒక తుపాకీలో దొరికింది. 1963లో కెనెడీ హత్యకి వాడిన రైఫిలు ఇటలీ సైన్యం వదిలేసిన కార్కానో. 1940లో టెర్నిలో తయారైంది. షికాగో షాపొకటి దానికి జపాన్ స్కోపు బిగించి పోస్టులో 19.95 డాలర్లకి అమ్మింది. చౌక సరుకు, నాసి స్కోపు, దానికోసం తుపాకీకి వేసిన బెజ్జాలు. నియమాలు పట్టుకునేవాడికి అది చెడగొట్టిన కార్కానో. అయినా అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న ఆ రైఫిలుకి స్కోపు తీసేసి, బెజ్జాలు పూడ్చి, 1940 రూపం ఇద్దామని మతి ఉన్నవాడెవడూ అనడు. ఆ స్కోపే దాని చరిత్ర. ఆ తుపాకీ వల్లే పోస్టులో ఆయుధాలు అమ్మడం మీద గొడవ ముదిరి, మరో రెండు హత్యలు కూడా తోడై, 1968 తుపాకుల నియంత్రణ చట్టం దాకా పోయింది. మిలిటరీ సర్‌ప్లస్, అంటే సైన్యాలు వదిలించుకున్న తుపాకుల, దిగుమతి కూడా అప్పుడే బిగుసుకుంది.

తాత ఎవర్నీ చంపలేదు, పత్రికలకెక్కలేదు. అంతమాత్రాన ఆయన తుపాకీ మీది కోతకి విలువ లేకుండా పోతుందా? పలమనేరు, కుప్పం అడవుల్లో ఒకప్పుడు ఎలాంటి మనుషులు ఎలాంటి ఆయుధాలతో తిరిగారో చెప్పే వస్తువులు మనకెన్ని మిగిలాయి?

కోసినవాళ్ళ తరఫున నాలుగు మాటలు

కోతని ఎంత తిట్టినా, కోసినవాళ్ళని నేను పూర్తిగా తిట్టలేను. రెండో యుద్ధం అయ్యాక అమెరికాలో సర్‌ప్లస్ రైఫిళ్ళు అంగళ్ళలో గుట్టలు పోసి అమ్మారు. కొత్త వేట తుపాకీ కొనే స్తోమత లేని రైతు, కార్మికుడు ఆ సరుకే కొని, ఇంట్లో రంపంతో చెక్క కోసుకుని, జింక మాంసం ఇంటికి తెచ్చుకున్నాడు. అతని కళ్ళముందు అలాంటివి లక్షల్లో ఉన్నాయి. లీ ఎన్‌ఫీల్డ్ రకాలన్నీ కలిపితే కోటిన్నరకి పైనే తయారయ్యాయి. ఒకదాన్ని కోస్తే ఏమైపోతుంది అనుకోవడంలో తప్పేముంది? గొప్పవాళ్ళూ అదే పని చేశారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకి పట్టుకెళ్ళిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు కూడా సైన్యపు నమూనాని వేటకి తగ్గట్టు మార్పించుకున్నదే. దాన్నెవరూ చెడగొట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ అనరు.

మన దగ్గర కథ ఇంకో రకం. .303 మన దేశంలో ప్రైవేటు మనుషులకి నిషేధం. తెల్లదొరల కాలంలోనే పెట్టిన అడ్డు అది. సైన్యం తూటా దొంగిలిస్తే పనికొచ్చే తుపాకీ జనం చేతిలో ఉండకూడదని. దాంతో వేటగాళ్ళు ఆస్ట్రియా సైన్యం వాడిన 8 ఎం.ఎం. తూటావైపు మళ్ళారు. ఇవాళ్టికీ మన ఆయుధ కర్మాగారం అమ్మే .315 స్పోర్టింగ్ రైఫిలు ఆ తూటాదే. మనిషి మాత్రం ఎన్‌ఫీల్డే, కొంచెం బట్టలు మార్చారంతే. అంటే మన వేట తుపాకీ పుట్టడమే ఒక కస్టమైజేషన్‌గా పుట్టింది. దాన్ని కాదని ఏ స్వచ్ఛతకి పోతాం?

కాబట్టి పాత కోతల మీద నాకు కోపం లేదు. కొత్త కోతల మీద ఉంది, ఎందుకంటే కారణం మారిపోయింది. ఇవాళ విదేశాల్లో కొత్త వేట రైఫిలు పాత సర్‌ప్లస్ రైఫిలుకన్నా చౌకగా దొరుకుతోంది, గురి కూడా దానికంటే బాగుంటుంది. చెక్కుచెదరని తుపాకీని ఇప్పుడు కోసేవాడు పేదరికంతో కోయట్లేదు, సరదాకి కోస్తున్నాడు. పైగా డబ్బు లెక్క చూసినా నష్టమే. ముట్టుకోని దానికి వచ్చే ధరలో కొంత భాగం కూడా కోసినదానికి రాదు. మన ఇషాపూర్ 2ఏ1లని దిగుమతి చేసుకున్న అమెరికా వ్యాపారులు కొందరు గొట్టాలు కురచ చేసి, రెండో యుద్ధం నాటి పొట్టి 'జంగిల్ కార్బైన్' తరహాలో అలంకరించి అమ్మారు. ఎప్పుడూ లేని తుపాకీకి లేని చరిత్ర తగిలించడం. నాకది అన్నిటికన్నా రోత.

తీసి మళ్ళీ పెట్టగలిగినదేదైనా చేసుకోవచ్చు. కళ్ళు ఆననివాడు బెజ్జం వేయకుండా బిగించే స్కోపు పెట్టుకోవచ్చు, పాత చెక్క అటక మీద భద్రంగా దాచి కొత్త చెక్క తొడుక్కోవచ్చు. రంపం, ఆకురాయి, డ్రిల్లు, సాండ్‌పేపరు, ఈ నాలుగూ రాకూడదు. మన దేశంలో అయితే చట్టమే సగం కాపలా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆ పనికి లైసెన్సు లేనివాళ్ళెవరూ తుపాకీకి రిపేరు చేయకూడదు, గొట్టం కురచ చేయకూడదు. నంబర్లు ముద్రలైతే అసలెవరూ చెరపకూడదు. వీడియోలో ఆ చేతులు చేసిన పని ఇక్కడ చేస్తే లైకులు కాదు, కేసులు పడతాయి.

ఆ చట్టానికి ఇంకో మొహం కూడా ఉంది. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులు ఉండే చోట రెండుకి కుదించారు. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాల్చడానికి ఏ విధంగానూ పనికిరాని పురాతన ఆయుధాలకి మినహాయింపు ఉంది. బాగా పనిచేసే పాత తుపాకీకి లేదు. అంటే చక్కగా నూనె పెట్టి కాపాడుకున్నవాడికే చిక్కు.

శ్రీకాళహస్తి ప్రశ్న

బావ నన్ను ఇరకాటంలో పెట్టిన ప్రశ్న ఇది. "శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే నెలలో కూలిపోలేదా? కృష్ణదేవరాయలు 1516లో కట్టించిందని అందరం ఏడ్చాం. మళ్ళీ అదే రూపంలో కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. నువ్వు పోయి దండం పెట్టలా? అది ఒప్పయితే ఇది తప్పెట్లయితాది?"

నేను దండం పెట్టిన మాట నిజమే. రెండు పండగలు దీని మీద ఆలోచించాను. గుడి నడుస్తోంది. గోపురం లేని గుడి భక్తుడికి వెలితి, ఆ వెలితి తీర్చాలి, తీర్చారు. అది 1516 నాటిదని ఎవరూ అనట్లేదు. కూలిన సంగతి, కట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. తుపాకీ విషయంలో 1917 రైఫిలుకి ఇవాళ ఏం పని ఉంది, ఏ వెలితి తీరాలి? బావకి గోడ మీద ఒక బొమ్మ కావాలి. ఆ బొమ్మ కావాలంటే ముట్టుకోని రైఫిళ్ళు మ్యూజియాల్లో ఉన్నాయి, ఫొటోలున్నాయి.

నిజానికి మనవైపు నాకు బాధ పెట్టే ఉదాహరణ గోపురం కాదు, తిరుమల వేయి కాళ్ళ మండపం. 2003లో విప్పేశారు. దాన్ని తిరిగి కట్టాలని ఎందరు అడిగినా, కట్టినా, ఆ రాళ్ళ వరసలో ఏ రాయి ఎందుకు అక్కడుందో చెప్పే తెలివిడి పోయింది కదా. విప్పినవాడి తప్పు ఒకటే. అచ్చం అలాంటిదే కట్టి 'చూడండి, ఏమీ పోలేదు' అంటే అది రెండో తప్పు.

బావ చేయించాలనుకునే పనికి ఇంకో చెడ్డ గుణం ఉంది. ఆ పొడుగు చెక్క ఎక్కడినుంచి వస్తుంది? ఇంకో మౌజర్ని విప్పితే వస్తుంది. కోసిన తుపాకుల్ని అతికించేవాళ్ళు పెరిగే కొద్దీ విడి భాగాలకి గిరాకీ పెరుగుతుంది, గిరాకీ పెరిగితే బాగున్న తుపాకుల్నే విప్పి ముక్కలుగా అమ్ముతారు, ఎందుకంటే విడిగా అమ్మితేనే ఎక్కువ డబ్బులు. దాని వెనకే దొంగ ముద్రలు. మామూలు మోసిన్‌కి స్కోపు తగిలించి స్నైపర్ రైఫిలనీ, మామూలు మౌజర్ మీద నాజీ గుర్తులు కొట్టి అరుదైనదనీ అమ్మడం విదేశాల్లో పెద్ద వ్యాపారం. మా బావ అలాంటివాడు కాదు. కానీ ఆయన తర్వాత దాన్ని చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

బట్టు మీది తెల్లరంగు

నా వాదనలో నాకే గుచ్చుకునే ముల్లొకటుంది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయాలి. లైసెన్సున్న ఇళ్ళలో ఇది తెలియనివాళ్ళుండరు. ఒకసారి అలా ఇచ్చి తెచ్చుకున్న తుపాకీకి బట్టు మీద బొటనవేలంత తెల్ల అంకెలు పెయింటుతో రాసిచ్చారు, కొసన తుప్పు కూడా పట్టించి. మామ నెలరోజులు తిట్టుకున్నాడు. చివరికి కిరసనాయిలు గుడ్డతో రుద్దితే సగం పోయింది. ఇప్పుడు ఒక 4, దాని పక్కన సగం అంకె మిగిలున్నాయి.

నా లెక్క ప్రకారం ఆ రంగు కూడా ఉండాలి. సైన్యంలోనూ పోలీసుల్లోనూ బట్టు నంబరు పెయింటుతోనే రాస్తారు, స్పాండౌ ముద్రకున్నంత సాక్ష్యం దానికీ ఉంది. ఎన్నికలప్పుడు చిత్తూరు జిల్లా పల్లెల్లో తుపాకులు ఎక్కడికి పోయేవో రేపు దాన్ని చూసి చెప్పొచ్చు. కానీ మామ మొహం మీద ఆ మాట ఎలా అంటాను? "మన ఇంటి వస్తువు మీద దొంగసొత్తు మీద రాసినట్టు నంబరేస్తారా" అన్న ఆయన బాధలో న్యాయం ఉంది. వస్తువుతో బతికేవాడికి అది అవమానం, దూరం నుంచి చూసే నాకు అది చరిత్ర. ఆ మాటకొస్తే 1917లో ఆ రైఫిలు మోసినవాడికి కూడా ఆ కిరీటం ముద్ర ముచ్చటగా ఉండి ఉండదు.

తుప్పు మాత్రం వేరు. అది చరిత్ర కాదు, ఇనుముని తినేస్తుంది. నూనె పెట్టాల్సిందే. మెత్తటి గుడ్డ, కొంచెం నూనె, ఓపిక. అంతకుమించి ముట్టుకోవద్దన్నాను. చెక్కకి అవిసె నూనె పలచగా పట్టిస్తే చాలు. పాలిష్ కొట్టించొద్దు.

ఇంకొకటి కూడా అడిగాను. తుపాకీ గురించి తెలిసినదంతా, తాత ఎక్కడ కొన్నాడు, ఎవరితో వేటకి పోయేవాడు, మద్రాసు పనివాడి మాట ఎవరు చెప్పగా విన్నది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసి లైసెన్సు పుస్తకంతో పాటు పెట్టమని. మామ అనుమానంగా చూశాడు. "వేట సంగతులు రాసిపెడితే రేపెవుడన్నా ఫారెస్టోళ్ళు చదివితే?" 1972కి ముందు సంగతులకి ఇప్పుడు కేసులుండవని చెప్పాను. "నీకేం తెలుసు వాళ్ళ సంగతి" అన్నాడు. చివరికి ఆయన చెప్తే అత్త రాస్తోంది. అత్త రాత ముత్యాల్లా ఉంటుంది గానీ ఆయన చెప్పిందానికి మధ్యమధ్యలో తన అభిప్రాయాలు కూడా కలుపుతోంది.

చిన్నోడి లా పాయింటు

పొడుగు చెక్క ఆలోచన బావ ప్రస్తుతానికి మానుకున్నాడు. నా వాదన విని కాదు, విదేశం నుంచి తుపాకీ భాగాలు తెప్పించుకోవాలంటే ఉండే పర్మిషన్ల తలనొప్పి తెలిసి. నాకు అదైనా చాలు.

చిన్నోడితోనే తేలలేదు. వాడు తక్కువవాడు కాదు. "బావా, నువ్వు చెప్పేదాని ప్రకారం సూల్‌లోనో మద్రాసులోనో ఎవడో కోసింది చరిత్ర. షికాగోలో ఎవడో పెట్టిన స్కోపు చరిత్ర. పోలీసోళ్ళ పెయింటు చరిత్ర. మరి నేను పెట్టే స్కోపు మాత్రం ఎందుకు నేరం? యాభై ఏళ్ళ తర్వాత నీలాంటోడొకడు వచ్చి, 2020ల్లో బెంగళూరు ఉద్యోగస్తులు ఇట్లాంటివి పెట్టేవాళ్ళని రాసుకుంటాడు కదా."

ఇంతకంటే మంచి ప్రశ్న నాకు ఇంతవరకు ఎవరూ వేయలేదు. మాట వెంటనే తోచలేదు. తర్వాత చెప్పింది ఇదీ: తాత కొన్న తుపాకీని కోసినవాడు, ఎవడైనా కానీ, దాన్ని మోసుకుని అడవిలో తిరిగే మనిషి కోసం కోశాడు. షికాగో షాపువాడు కాల్చేవాడి కోసం స్కోపు పెట్టాడు, ఆ కాల్చేవాడు ఎలాంటివాడైతేనేం. నువ్వు దాంతో ఏం చేస్తావు? అడవిపందిని కాలుస్తావా, దానికీ వేరే పర్మిషన్లున్నాయి. ఏడాదికోసారి మామ దుప్పటి మీద నూనె పెడుతుంటే పక్కన నిలబడి ఫొటో తీసుకుంటావు. ఫొటో కోసం బెజ్జం వేయొద్దు. నిజంగా రైఫిల్ క్లబ్బులో చేరి, రేంజిలో గురి నేర్చుకుని, ఆ తుపాకీ ఒక ఏడాది భుజానికి ఆనించాక కూడా ఇనుప సైటు కళ్ళకి ఆనట్లేదంటే, బెజ్జం లేని బిగింపు స్కోపు నేనే వెతికిపెడతాను.

"ఆ తుపాకీతో క్లబ్బులో కాల్చాలంటే లైసెన్సు నా పేరు మీద ఉండాలి కదా, అన్న ఒప్పుకుంటాడా" అన్నాడు. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి. పోయిన వారం ఫోను చేసి, బెంగళూరులో రేంజి ఉన్న చోట్లు కనుక్కున్నానని చెప్పాడు. ఫీజు విని కొంచెం చల్లబడినట్టున్నాడు.